పొలిమేర లేని జాతర

మా వీధిలో నన్ను ‘టైపింగు ఆమె’ అంటారు. తిరుపతిలో బస్టాండుకు దగ్గర్లో నాకొక డీటీపీ అంగడి ఉంది. పెళ్ళిపత్రికలు, చెవులు కుట్టే ఫంక్షన్ల కార్డులు, కోర్టు కాగితాలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, అన్నీ నా వేళ్ళ మీదుగానే పోతాయి. ఊళ్ళో వాళ్ళ గొప్పలన్నీ టైపు చేసీ చేసీ విసుగొచ్చి, నా మాటలు కూడా నాలుగు టైపు చేసుకుంటే తప్పేమిటని ఒక రోజు బ్లాగు మొదలుపెట్టాను. బ్లాగంటే ఏమిటో మా ఆయనకు తెలియదు. ‘దాంట్లో ఏమొస్తాది?’ అని అడిగాడు. ‘తలకాయ నొప్పి’ అన్నాను. అది ఇంత నిజమవుతుందని అప్పుడు అనుకోలేదు.

నేను రాసినవి పెద్ద సంగతులేం కావు. పత్రికలో ఏ మేనమామ పేరు ముందు రావాలని నా అంగట్లోనే జరిగే కొట్లాటలు, మా అత్త చేతి పితుకుపప్పు, తమిళనాడు సరిహద్దులోని తడ దాటకముందే మా వాళ్ళ మాటల్లోకి జొరబడే అరవం, ఇలాంటివి. కింద వచ్చే కామెంట్లు నా రాత కంటే బాగుండేవి. చిత్తూరు నుంచి ఒకాయన నా తప్పులు దిద్దేవాడు. గూడూరు నిమ్మకాయల మండీ నుంచి ఒకాయన ఆ దిద్దినవాడి తప్పులు దిద్దేవాడు. ఇద్దరూ వియ్యంకుల మాదిరి పోట్లాడుకునేవాళ్ళు. ఎవరి మొహం ఎవరికీ తెలియదు గానీ ఎవరి మాట ఎలా ఉంటుందో అందరికీ తెలుసు.

తర్వాత పెద్ద కంపెనీల సోషల్ మీడియా వచ్చింది. అందరూ ఒకరి వెనక ఒకరు అక్కడికి లేచిపోయారు. నా బ్లాగు పెళ్ళయిపోయిన కల్యాణ మండపంలా మిగిలింది. నేనూ వెళ్ళాను, కాదనను. అక్కడ నేను రాసింది నా వాళ్ళకు చూపించాలా వద్దా అని ఎవడో లెక్కగడతాడు. పక్కింటామె రాసింది నాకు కనబడదు, ఎవరో సినిమా నటి పెళ్ళి మాత్రం రోజూ కనబడుతుంది. ఇక వాట్సాప్ గ్రూపుల సంగతి చెప్పనక్కర్లేదు. పొద్దున లేస్తే దేవుడి పటాలు, మధ్యాహ్నానికి కులాల కొట్లాటలు. ఏ గ్రూపు నుంచి బయటికి వస్తే ఎవరికి కోపం వస్తుందో అని భయపడుతూ అన్నిట్లో ఉండిపోయాను.

ఆ ఏడుపు మా తమ్ముడి దగ్గర ఏడ్చాను. పిన్నమ్మ కొడుకు, ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాడు. ‘మనదే ఒకటి పెట్టుకుందామక్కా’ అన్నాడు. ‘ఎవురినీ అడుక్కోబళ్ళేదు. మన సర్వరు, మన కట్టుబాటు. ఇట్లాంటివి దేశంలో శానా ఉండాయి. ఒగదాంట్లో రాసింది ఇంగోదాంట్లో ఉండేవాళ్ళు గూడా తెచ్చుకోని సదువుకోవచ్చు. మధ్యలో కంపెనీ అనేదే ఉండదు.’

దానికి తిన్నె అని పేరు పెట్టాము. మా వైపు ఇంటి ముందు కూర్చోవడానికి కట్టే అరుగును తిన్నె అంటారు. దారిన పోయేవాడు కూడా ఎండ తగ్గేదాకా దాని మీద కూర్చోవచ్చు. తలుపు తట్టి అడగక్కర్లేదు. పాత బ్లాగు రోజుల వాళ్ళు కొందరు తిరిగొచ్చారు, కొత్తవాళ్ళు కొందరు చేరారు. చిత్తూరాయన, గూడూరాయన తమ పోట్లాట ఆపిన చోటనే మళ్ళీ మొదలుపెట్టారు. నాకు ప్రాణం లేచి వచ్చినట్టు అయింది.

కొత్తవాళ్ళలో నగరి నుంచి ఒకామె ఉంది, మరమగ్గాలు ఆడించే ఇంటి కోడలు. మగ్గాలు వాళ్ళవే, ఇంట్లోనే ఉన్నాయి. మగ్గానికి ఎక్కించే పడుగూ, పేకకు నూలూ మాత్రం ఒక సావుకారు ఇస్తాడు, నేసిన గుడ్డ ఆయనకే పోవాలి, కూలి ఆయన దగ్గరే రావాలి. ఆయన పడుగు పంపకపోతే ఆ ఇంట్లో మగ్గం ఆగినట్టే, పొయ్యి కూడా ఆగినట్టే. ఈమె అటూ ఇటూ పరిగెత్తే నాడెల్లో నూలు కండెలు మారుస్తూ, ఆ మగ్గాల చప్పుడులో నిలబడే ఫోన్లో రాసేది. కరెంటు పోయి అంతా నిశ్శబ్దమైతే రాయలేదట. ‘సప్పుడు లేకపోతే మాట యాడికో పోతాదక్కా’ అనేది. మగ్గాలు ఆడుతున్నంతసేపూ హాయిగా నిద్రపోయి, ఆగిన వెంటనే ఉలిక్కిపడి లేచే వాళ్ళ అత్త గురించి ఒకసారి రాసింది. అది చదివి అంగట్లో, ఎవరిదో గృహప్రవేశం కార్డు మధ్యలో, కళ్ళు తుడుచుకున్నాను. ఇన్నేళ్ళు టైపు చేసిన నాకు అలాంటి వాక్యం ఒక్కటీ రాలేదే అని అసూయ పడ్డాను కూడా.

ఇంకొకాయన చంద్రగిరి పక్క పల్లెలో మామిడితోటలున్న పెద్దాయన. ఆయన్ని నేను మామా అంటాను. టైపింగు రాదు, ఫోనుకు చెబితే అది రాసిపెట్టేది. ఎరువుల ధరను తిట్టేవాడు, కోతుల్ని తిట్టేవాడు, పనిలో పనిగా నన్నూ తిట్టేవాడు. ఆయన తిట్టకపోతే ఆ రోజు తిన్నె బోసిగా ఉండేది.

తిట్లంటే మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. తిరుపతిలో ఎండాకాలం గంగమ్మ జాతర జరుగుతుంది. ఆ వారంలో రోజుకొక వేషం. ఒక రోజు తెల్లటి నామంగడ్డ పూసుకుంటారు, ఒక రోజు కుంకుమ, ఒక రోజు ఒంటినిండా బొగ్గు. మగవాళ్ళు చీరలు కట్టుకుంటారు. వేషం కట్టినవాడు ఎవరినైనా, ఎంత మాటైనా తిట్టవచ్చు. తిట్లు పడ్డవాడు కోపగించుకోకూడదు, అది అమ్మవారికి చేరే మొక్కు. ఏడాదంతా నోట్లో దాచుకున్నది ఆ వారంలో బయటికి పోతుంది. చాటింపు వేశాక ఊరివాళ్ళు పొలిమేర దాటి బయట రాత్రి ఉండకూడదు, బయటివాళ్ళు పొద్దుగూకాక ఊళ్ళో ఉండకూడదు. చివర్లో గుడి ముందు మట్టితో అమ్మవారి పెద్ద మొహం చేస్తారు. దాన్ని పగలగొట్టి ఆ మట్టిని తలా ఒక చిటికెడు ఇంటికి తీసుకుపోతారు. అంతే, ఏ తిట్టు ఎవరు తిట్టారని మర్నాడు అడిగేవాడు ఉండడు.

అందుకే మేము చేసిన తప్పు మా ఊరివాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. పోయిన ఏడు జాతర చాటింపు రోజున తిన్నె మీద కూడా చాటింపు వేశాము. వారం పాటు ఎవరి పేరు వాళ్ళు తీసేసి వేషం పేరు పెట్టుకోవాలి, ఎవరిని ఎవరైనా తిట్టుకోవచ్చు, జాతరతో సరి. మామ రెచ్చిపోయాడు. గూడూరాయన చిత్తూరాయన్ని నిమ్మకాయ పిండినట్టు పిండాడు. నవ్వీ నవ్వీ నాకు పక్కలు నొప్పులు పుట్టాయి. చాలా కాలానికి మనుషుల మధ్య ఉన్నాననిపించింది.

బొగ్గు పూసుకునే రోజున నగరి ఆమె తిట్టింది. తిట్టింది పడుగులిచ్చే సావుకారును. పేరు రాయలేదు, కానీ ఎంత అందంగా తిట్టిందంటే, ‘నీ నాలిక నాడె గాను, పొద్దస్తమానం అటూ ఇటూ ఆడతాది, గుడ్డ మటుకు పడదు’ అని మొదలుపెట్టి, ‘మూడో కండెకే తెగే నూలు ఇచ్చి ముదురు మాటలు చెప్పేవాడా, కాటన్లో పాలిస్టరు కలిపేవాడు తాళిబొట్టులో గూడా కలుపుతాడు’ దాకా పోయింది. మొత్తం ఒక పేజీ. మగ్గం చప్పుడు తాళంలోనే ఉంది, చదువుతుంటే కాలు ఆడింది. మామ ఒక్క మాటే పెట్టాడు: ‘పాపా, ఇంగ నేను నోరు మూసుకుంటా.’

జాతర ముగిసింది. ఎప్పటి పేర్లు మళ్ళీ పెట్టుకున్నాము. తిట్లు మాత్రం ఎక్కడ రాసినవి అక్కడే ఉన్నాయి. పగలగొట్టడానికి తిన్నె మీద మట్టి మొహం లేదని ఎవరికీ తోచలేదు.

వేరే సర్వరు వాళ్ళెవరో ఆమె పేజీ నచ్చి తమవాళ్ళకు చూపించారు. వాళ్ళ దగ్గర ఇంకెవరో ఫొటో తీశారు. ఫొటో వాట్సాప్‌లో పడింది. ఆ తర్వాత దాని దారి దానిదే. ‘ఎవరో గానీ భలే తిట్టింది’ అంటూ నవ్వే బొమ్మలతో నా సొంత అంగట్లో ఒక కస్టమరు నాకే చూపించాడు. వెంటనే నగరికి ఫోన్ చేశాను. ఎత్తింది. వెనక మగ్గాల చప్పుడు లేదు.

‘పడుగు రాలేదక్కా’ అంది. ‘అడిగితే, రాదు పొమ్మన్నాడంట.’

మా తమ్ముణ్ణి ల్యాబు నుంచి పిలిపించాను. పాపం వాడు అప్పటికే ఆ పేజీని తీసేశాడు. ‘మనకాడ తుడిపేసినానక్కా. తుడిపేయండి అని మిగతా సర్వర్లకు గూడా కబురు పోయింది. వినేవాళ్ళు వింటారు, విననోళ్ళు వినరు. ఫొటోలు తీసుకున్నోళ్ళని ఏం జేస్తాం?’ అన్నాడు. ‘మధ్యలో ఎవడూ ఉండడని గొప్పగా చెప్పినావే’ అని అరిచాను. ‘ఉండుంటే వాడి గొంతన్నా పట్టుకునేవాళ్ళం గదరా.’ వాడి తప్పేం లేదని నాకూ తెలుసు. కోపం ఎవరి మీదనో ఒకరి మీద పెట్టాలి కదా, దగ్గర్లో వాడున్నాడు.

మామ, నేను కలిసి నగరికి బస్సెక్కాము. అంతవరకూ ఆమెను మేమిద్దరం చూడలేదు. నేను అనుకున్న దానికంటే చిన్నది, సన్నగా ఉంది, చీర కొంగుకు నూలు పోగులు అంటుకుని ఉన్నాయి. వాళ్ళాయన మాతో ముక్తసరిగా మాట్లాడి పక్కకు పోయాడు. కోపం కన్నా భయమే ఎక్కువగా కనబడింది. మగ్గాల గది అంత నిశ్శబ్దంగా ఉంటే, వాళ్ళ అత్త నడవాలో నిద్ర లేకుండా కూర్చుని ఉంది. ఆమె గురించి చదివింది గుర్తొచ్చి నేను తలెత్తి చూడలేకపోయాను.

ముగ్గురం సావుకారు ఇంటికి వెళ్ళాము. దుర్మార్గుడై ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఆయన కాఫీ తెప్పించాడు, నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు, మామిడితోటల సంగతి అడుగుతూ మామకు ఫ్యాను తిప్పి పెట్టాడు.

‘మాది గూడా ఈ పక్కనే గదమ్మా’ అన్నాడు. ‘మీ జాతరకు మా అవ్వ నన్ను సంకలో ఎత్తుకోని వచ్చేది. ఆడ ఎవురన్నా నన్ను దీనికి పదింతలు తిట్టినా దండం పెట్టి వస్తా. ఇది జాతరలో తిట్టింది కాదు. ఈరోడులో నాకాడ గుడ్డ కొనే ఆయన ఫోన్లో సూపిచ్చినాడు. ఇది నిన్నేనంట గదా, కలుపుతావంటనే అని అడిగినాడు. నవ్వతానే అడిగినాడు. అయినా అడిగినాడు గదా.’

మామ గొంతు సవరించుకున్నాడు. ‘సావుకారప్పా, ఆ రాతలు నావి. ఈ పాపకేం తెలీదు. నాకు తిట్టేది అలవాటు, ఎవురినన్నా అడుగు’ అన్నాడు.

సావుకారు ఆయన వైపు చూసి నవ్వాడు. ‘పెద్దాయనా, నీకు మామిడిచెట్టు తెలుసు. మూడో కండెకు నూలు తెగేది నీకెట్ల తెలుసు? మగ్గం కాడ నిలబడినోళ్ళకే అది తెలిసేది. నా పడుగు ఆడే ఇండ్లల్లో ఫోన్లో రాసేది ఈ పాపొకటే.’ మామ తల వంచుకున్నాడు. అంత బాగా రాయకపోయి ఉంటే అది ఎవరిదో ఆయనకు తెలిసేది కాదు, ఎవరూ ఫొటో తీసేవాళ్ళూ కాదు.

‘నాకు ఆ పాప మీద కోపం లేదు’ అన్నాడు సావుకారు. ‘ఒకటే మాట. అది యాడా లేకుండా తుడిపేయండి. రేపే పడుగు పంపిస్తా.’

తుడిపేశాము అని చెప్పడానికి నా నోరు సిద్ధంగానే ఉంది. మా దగ్గర లేదన్నది నిజమే కదా, ఆ నిజాన్ని కొంచెం లాగితే మగ్గాలు ఆడతాయి. నేను నోరు తెరిచేలోపు తలుపు దగ్గర నిలబడిన ఆమె మాట్లాడింది.

‘లేదన్నా. అది యాడా లేకుండా పోదంట. పోయిందని ఇప్పుడు సెప్పి, రేపు ఇంగొకాయన మీకు సూపిస్తే? అప్పుడు తిట్టుబోతునే గాదు, అబద్ధాలదాన్ని గూడా అయితా.’

సావుకారు తన ఫోను తీసి బల్ల మీద బోర్లా పెట్టాడు. ‘అయితే నన్నేం జేయమంటావు, నువ్వే సెప్పు’ అన్నాడు. అది బెదిరింపు కాదు, నిజంగానే అడిగాడు. ఆమె కొంగుకు అంటుకున్న నూలు పోగులు ఏరుకుంటూ నిలబడింది. కాఫీ గ్లాసులు కింద పెట్టి లేచాము.

బస్టాండు దాకా ఆమె మాతో నడిచి వచ్చింది. ఉండబట్టలేక అడిగాను, ‘నిజంగానే కలుపుతాడా ఆయన?’ అని. నన్ను వింతగా చూసింది. ‘జాతరలో తిట్టినోళ్ళని అది నిజమా అని ఎవురన్నా అడిగినారా అక్కా, ఇంతవరకూ?’ అంది.

ఆ పడుగు వేరే ఇంటికి పోయింది. వాళ్ళ మగ్గాలకు గుడ్డ కప్పేశారు. మొగుడూ పెళ్ళామూ ఇప్పుడు వేరేవాళ్ళ షెడ్డులో కూలికి పోతున్నారు. ఆమె తిన్నె మీద మళ్ళీ ఒక్క ముక్క రాయలేదు. రాయమని అడగడానికి నాకు మొహం లేదు.

తిన్నెకు తలుపులు పెడదామని మా తమ్ముడితో అన్నాను. తెలిసినవాళ్ళే లోపల, బయటి సర్వర్లతో దారి తెంపేద్దాము. ‘అట్లయితే అది వాట్సాప్ గ్రూపే గదక్కా. నువ్వు పారిపోయి వచ్చింది యాడి నుంచి?’ అన్నాడు. తెరిచిపెడితే ఇలా, మూసేస్తే అలా. రేపు అందరూ తమ సొంత సైట్లకు తిరిగొస్తారని, కంపెనీల కాలం అయిపోయిందని వాడు ఇంకా నమ్ముతున్నాడు. నమ్ముతూనే ఒక రోజు సర్వరు లెక్కలు చూపించాడు. తిన్నెకు వచ్చిపోయేవాళ్ళలో సగానికి పైగా మనుషులు కారట, రాసిందంతా మోసుకుపోయే యంత్రాలట. మామ కోతుల్ని తిట్టిన తిట్లు ఏ యంత్రం పొట్టలో ఉన్నాయో. ఒకప్పుడు నా రాత ఎవరూ చదవలేదని ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఎవరు చదువుతున్నారో తెలియక భయం. కొన్ని రోజులు అంతా మూసేసి పెళ్ళిపత్రికలు టైపు చేసుకుంటూ బతుకుదామనిపిస్తుంది. పొద్దున చిత్తూరాయన, గూడూరాయన మళ్ళీ ఏదో మాట మీద పట్టుబడతారు, మూసేయడానికి చెయ్యి రాదు.

ఈ ఏడు జాతరకు తిన్నె మీద చాటింపు లేదు. ఎవరూ అడగలేదు కూడా. బొగ్గు పూసుకునే రోజు మధ్యాహ్నం అంగడి మూసి గుడి వైపు బయలుదేరాను. వీధి నిండా జనం, డప్పులు, వేపాకు, నల్లటి ఒళ్ళ మీద కారే చెమట. వెనక నుంచి ఎవరో చెయ్యి పట్టుకుని లాగారు. తిరిగి చూస్తే నగరి ఆమె. వస్తున్నానని చెప్పనే లేదు. దారిన పోయే వేషగాడి భుజం మీద వేలితో రాసి, ఆ బొగ్గు తన చెంప మీద ఒక గీత పెట్టుకుంది.

‘చెవి ఇట్ల పెట్టక్కా’ అంది.

ఆ డప్పుల మధ్య, నా చెవికి నోరు ఆనించి, తిట్టింది. సావుకారును, ఈరోడు ఆయన్ని, ఫొటో తీసినవాళ్ళను, నవ్విన బొమ్మలను, మా తమ్ముడి సర్వరును, గుడ్డ కప్పుకున్న తన మగ్గాలను తిట్టింది. అన్నిటికన్నా ఎక్కువ నన్ను తిట్టింది. తిన్నెను ఎందుకు కట్టావని తిట్టింది, రాయమని ఎందుకు మెచ్చుకున్నావని తిట్టింది. మొదట నవ్వాను. తర్వాత ఆమె భుజం పట్టుకుని ఏడ్చాను. అది పోయిన ఏటి పేజీ కంటే ఎన్నో రెట్లు గొప్పగా ఉంది. మగ్గం చప్పుడు లేకున్నా డప్పు చప్పుడులో ఆమెకు మాట దొరికింది.

అయ్యాక కొంగుతో చెంప తుడుచుకుంది. ‘ఇది రాయొద్దక్కా’ అంది. ‘పొద్దుగూకేలోపల నేను మీ పొలిమేర దాటాల.’ బస్సు ఎక్కించి వచ్చాను.

అంగడికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఒక్కొక్క మాట చెవిలో ఉంది. నేను టైపింగు ఆమెను, చెప్పింది చెప్పినట్టు దించడం నా బతుకు. వేళ్ళు మీటల మీద పెట్టాను, తీసేశాను. ఇక్కడ కూడా వాటిలో ఒక్కటీ రాయలేదని మీరు చూస్తున్నారు. అంత గొప్ప రాత మీకెవరికీ చూపించలేకపోవడం మాత్రం నాకు బాధే.

నిన్న అంగడి తీస్తూ ఆ తిట్లలో ఒకటి గుర్తు చేసుకోబోతే సగమే వచ్చింది. ఎంత తన్నుకున్నా మిగతా సగం రాలేదు. ఆపుకోలేక ఆమెకు ఫోన్ చేసి, ఆ సగం చెప్పి, తర్వాత ఏమన్నావని అడిగాను.

‘నాకూ గెవనం లేదక్కా, మరిసిపోయినా’ అంది. వెనక ఎవరివో మగ్గాలు ఆడుతున్నాయి.